గొట్టంలో నీళ్లు

పదకొండేళ్లు నాకు మనుషులు
భుజాల నుంచి బొడ్డు దాకానే తెలుసు.
పేజర్ మోగితే పరుగు.
మాస్కు బిగించు, మీట తిప్పు, అంకె చూడు, రాసిపెట్టు,
పక్క గదికి నడువు.
ఎవరి పాదాలు ఎలా ఉంటాయో చూడలేదు.
ఎవరికి గోడవైపు తిరిగితేనే నిద్ర పడుతుందో
అది నర్సుల సంగతి.

ఇప్పుడు నేనే నర్సుని.
నలభై రెండేళ్లకి మళ్లీ పుస్తకాలు పట్టి
మా అబ్బాయి ఈడు వాళ్ల పక్కన పరీక్షలు రాసి
మూడో అంతస్తులో రాత్రి డ్యూటీకి వచ్చాను.
మందులు, దుప్పట్లు, మూత్రం కొలతలు,
ఊపిరి సలపని పని.
ఆ మాట అన్న ప్రతిసారీ నాలుక కరుచుకుంటాను,
నిజంగా సలపని వాళ్ల మధ్య నిలబడి.

చెవి మాత్రం పాత ఉద్యోగంలోనే ఉండిపోయింది.
తలుపు తియ్యకముందే వింటుంది:
ఆరో గదిలో మూత సరిగ్గా పడని కెటిల్.
తొమ్మిదిలో చెవి పక్కన వెంట్రుకలు నలిపిన చప్పుడు.
పన్నెండులో ఏమీ లేదు.
ఏమీ లేకపోతేనే కాళ్లు పరుగందుకుంటాయి.

తొమ్మిదిలో ఉన్నది తౌనో లెహ్తిమాకి.
ముప్పై నాలుగేళ్లు థండర్ బే రేవులో
ఆకాశమంత సిమెంటు గాదెల అడుగున
గోధుమ దుమ్ము ఊడ్చినవాడు.
"రొట్టె దేశం తింది. పొట్టు నేను తిన్నాను"
అంటాడు మాస్కు పక్కకి లాగి,
ఆ కాస్త మాటకి నాలుగు చోట్ల ఆగి.

ఈ రాత్రి అంకె తొంభై నుంచి ఎనభై ఆరుకి జారింది.
మెషీన్ మీద ఒక్క మీట, రెండు మెట్లు పైకి.
నా వేళ్లకి తెలుసు.
వేళ్లకి ఇప్పుడు అనుమతి లేదు.
కీగన్‌కి ఫోన్ చేశాను.
ఎమర్జెన్సీలో ఇరుక్కున్నాడు. ఇరవై నిమిషాలన్నాడు.
నేనూ అలాగే అనేదాన్ని, ఇరవై నిమిషాలని,
అవతల ఎవరో ఒకామె మంచం పక్కన
ఆ ఇరవైనీ ఒక్కొక్కటే మోస్తోందని ఎరగక.

తలవైపు మంచం ఎత్తాను.
మోచేతుల కింద చెరో దిండు పెట్టాను.
చెవిని కోస్తున్న పట్టీ ఒక గడి వదులు చేశాను.
కిటికీ అవతల మైనస్ ముప్పై ఒకటి.
గొట్టంలో పేరుకున్న నీళ్లు ఒంపబోతుంటే
తౌనో నా మణికట్టు పట్టుకున్నాడు.
"పారబొయ్యకు. రాళ్ల మీద పొయ్యి."

సరస్సు ఒడ్డున చెక్క గదిలో ఉన్నాడు ఆయన,
ఎర్రగా కాలిన రాళ్ల ముందు.
ఆ రాళ్ల మీంచి లేచే ఆవిరిని లోయిలు అంటారట.
పూర్వం ఊపిరికీ అదే మాటట.
వచ్చిన మొదటి వారమే చెప్పి,
గోడ బోర్డు మీద నేను తప్పు రాస్తే దిద్దించాడు కూడా.

ఇది ఆసుపత్రి, ఈరోజు మంగళవారం
అని గుర్తు చెయ్యాలి నేను. పుస్తకంలో ఉంది.
"ఎన్ని గరిటెలు?" అన్నాను.
"మూడు."

స్టీలు బేసిన్‌లోకి ఒకటి.
కళ్లు మూసుకుని లోపలికి పీల్చాడు.
రెండు.
మూడోది చాలా కొంచెమే మిగిలింది,
ఆయన మాత్రం దానికే ఎక్కువసేపు పీల్చాడు.

ఎనభై ఎనిమిది.
దిండు వల్ల కావచ్చు. పట్టీ వల్ల కావచ్చు.
చార్టులో అవే రాశాను.

కీగన్ వచ్చాడు, మీట రెండు మెట్లు తిప్పాడు,
తొంభై ఒకటి చూసి రాసుకున్నాడు.
పేజర్ మోగింది. వెళ్లిపోయాడు.
మంచివాడు. పని తెలిసినవాడు.

దుప్పటి చివర ఒక మేజోడు సగం జారి ఉంది.
అతను చూడలేదు. ఒకప్పుడైతే నేనూ చూసేదాన్ని కాదు.
మడమ చల్లగా, గరుకుగా, నా అరచేతికి సరిగ్గా సరిపోయింది.
మేజోడు పైకి లాగాను.
తౌనో నిద్రలో దుప్పటి కిందికి తన్నేశాడు,
ఇంకా ఉక్కగా ఉన్నట్టు.