రాపిడి

గ్యాస్ నింపి పో, చాలు, అంది న్యా దియోలిందా
మాంసం కొట్టే మొద్దు తడిగుడ్డతో తుడుస్తూ.
మూడు నెలలకోసారి ఎవడో వచ్చి నింపుతున్నాడట.
వాడి సిలిండరూ ఖాళీ, ఈమె గల్లాపెట్టే ఖాళీ,
మళ్ళీ గది వెచ్చబడుతోందట.

కొన్సెప్సియోన్‌లో జనవరి. నలభై రెండు డిగ్రీలు.
రేవులో పడవల ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది.
ఐసు లేకపోతే ఈ ఊళ్ళో తెరెరె లేదు,
తెరెరె లేకపోతే మనిషికీ మనిషికీ మాటల్లేవు.

టోపీ తీసి చెప్పాను,
దోన్ క్రిస్పీన్ నాకు మొదటిరోజు చెప్పిందే:
గ్యాస్ దీపంలో నూనె కాదమ్మా, ఖర్చయిపోవడానికి.
చెరకు గానుగెద్దు. తిరిగిన దారే తిరుగుతుంది.
తగ్గిందంటే తాడు తెంపుకుని ఎటో పోతోందన్నమాట.

ఆ రోజు ఆయన నా మణికట్టు మీద నాలుగు చుక్కల స్పిరిట్ పోసి
ఊదమన్నాడు.
చల్లగా ఉందా నిమియా?
ఉంది.
అది ఆవిరై పోతూ పోతూ నీ వేడి పట్టుకుపోయింది.
చలిని చేసేవాడు ఎవడూ లేడు,
వేడిని మోసే హమాలీలే ఉన్నారు.
ఇంతే సంగతి. మిగతాదంతా గొట్టాలే.

మిగతా గొట్టాలకి నాకు పదకొండేళ్ళు పట్టింది.

లోపలి చుట్టలో ద్రవం మరుగుతుంది,
గడ్డకట్టే చలిలో మరుగుతుంది, నమ్మండి,
వేలాడే పక్కటెముకల వేడి తాగి ఆవిరవుతుంది.
కంప్రెసర్ దాన్ని మెడ పట్టి నొక్కుతుంది.
నొక్కితే ఒళ్ళు మండిపోతూ పెరట్లోకి వస్తుంది,
ఫ్యాను గాలికి మోసుకొచ్చిందంతా దించేసి
మళ్ళీ ద్రవమై,
సూది బెజ్జమంత దారిలో దూరి
ఒత్తిడి వదిలిపోయి, చల్లబడి,
లోపలికి, మళ్ళీ మోతకి.

ముందు పెరట్లో కూర్చున్నాను.
కండెన్సర్ రెక్కల నిండా దుమ్ము, కోడి ఈకలు.
బ్రష్షు పట్టాను. అది సగం రోగమే.
గేజీలు తగిలిస్తే లోపలి వైపు ముల్లు నేల చూస్తోంది.
చుట్టలో మొదటి రెండు వంపులకే మంచు,
తక్కినవి పొడిగా, పస్తున్న పిల్లల్లా.

మిగిలిన గ్యాస్‌ని సిలిండర్లోకి లాగాను.
గాలికి వదిలేస్తే తేలిక. క్రిస్పీన్ చెవి మెలిపెట్టేవాడు.
నైట్రోజన్ ఎక్కించి, సబ్బునురగ పూస్తూ వచ్చాను,
అతుకు అతుకునా, నట్టు నట్టునా.
ఏమీ లేదు.
చెమట కళ్ళలో పడుతోంది.
కంప్రెసర్ వెనక, వెనక్కొచ్చే గొట్టానికి
ఒక ఇనపతీగ, తీగకో తాళంచెవి.
తీగ కింద
చంటిపిల్లాడి పెదవి మీద ఉబ్బినట్టు
ఒక బుడగ.

అది సిరియాకోది, అంది.
పడవషెడ్డు తాళం. షెడ్డు ఎప్పుడో అమ్మేశాం.
మిషన్ తిరుగుతుంటే అది టిక్కుటిక్కుమంటుంది.
ఆ చప్పుడు వింటూ పడుకుంటాను,
మాంసం పాడవట్లేదులే అని.

ఆరేళ్ళ టిక్కుటిక్కు. రాగి ఎంతని ఓర్చుకుంటుంది?

ఒత్తిడి వదిలేసి, అరిగిన ముక్క కోసేసి, కొత్తది అతికి,
మళ్ళీ నైట్రోజన్, మళ్ళీ నురగ. బుడగ లేదు.
తర్వాత వాక్యూమ్ పంపు, గంటసేపు.
గొట్టాల్లో గాలి, తడి, ఏమీ మిగలకూడదు.
పంపు ఆపి ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాం.
ఖాళీ నిలబడుతుందా లేదా అన్నదీ పరీక్షే.
కొమ్ము గ్లాసు నా చేతికీ ఆమె చేతికీ మారింది.
నీళ్ళు గోరువెచ్చన. ఇద్దరం ఏమీ అనుకోలేదు.
ముల్లు కదల్లేదు.

గ్యాస్‌ని తూచి ఎక్కిస్తుంటే పక్కకొచ్చి నిలబడింది.
నలభై ఏళ్ళుగా కాటా దగ్గర నిలబడ్డ మనిషి,
గ్రాము తేడా వచ్చినా పట్టేస్తుంది.

చుట్టలో మంచు నెమ్మదిగా చివరి వంపు దాకా పాకింది.
పెరట్లో ఫ్యాను నా మోకాళ్ళ మీదికి వేడి ఊదింది,
ఒక ఎద్దు తొడలో ఇందాకటిదాకా ఉన్న వేడి.

తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను.
కాసేపు బొటనవేలితో రుద్ది,
మిషన్ కింది చెక్కదిమ్మకి మేకు కొట్టి తగిలించింది.
అక్కడా కదులుతోంది.
చెక్కే కదా, అంది. అరిగితే అరగనీ.

రశీదు రాశాను.
లీకు, ఒక చోట. కారణం అన్న గడిలో
రాపిడి.