మోచేతి కింద

ఎనుమాముల యార్డుల, మిర్చి రాశుల కాడ
తొడిమెలు తెంపే చేతులు నావి.
మంట నాకు అలవాటే.
ఇది మంట గాదు.
తెల్లారుగట్ల ఆటోల సల్లగాలి తాకంగనే
నడుం సుట్టు, తొడల మీద
చింతబరిగెతో కొట్టినట్టు దద్దులు.
మా అత్త గొంగడి ముక్కతో రుద్దింది.
పండుకున్నయి.
మాపటికి మళ్ల లేచినయి.

మట్టెవాడల పరాంకుశం వైద్యుడు
ముందుగాల ఒళ్లు సూడలే. పొద్దు అడిగిండు:
ఏ జాముల లేస్తయి?
చెమట ఆరకముందే గాలి తగుల్తదా?
రాత్రి పుల్లటి పెరుగన్నంల
ఎండుచాపల కూర అద్దుకున్నవా?
అద్దుకున్న.
"శీతపిత్తం" అన్నడు.
సలి, ఉడుకు ఒక్క పేరుల కాపురం జేస్తున్నయట.
నా దినమంతా గంతే గదా అనుకున్న.

మిరియాల పొడి నెయ్యిల. పాలల్ల పసుపు.
వంకాయ బంద్, పులుపు బంద్.
"పెదవులు ఉబ్బినా, ఊపిరి బిగిసినా
నా గడప తొక్కకు,
సీదా ఎంజీఎంకు ఉరుకు."

ఆఖర్ల నా మోచేతి కింద
గోటితో సన్నగ గీత గీసిండు.
సూస్తుండంగనే గీత ఉబ్బి నిలబడ్డది.
నవ్వొచ్చింది నాకు.
ఇరవయ్యేండ్ల సంది కూలి పట్టీ మీద
ఏలిముద్రే నేను.

"సారూ, నా పేరు రాయుండ్రి."

ముసలాయన అద్దాలు సదురుకోని
మందు కలిపే పుల్ల మొద్దు కొసతో రాసిండు:
ఓదెమ్మ.

మూడక్షరాలు, ఎర్రగ.
దురద పెట్టింది. గోకలే.
బస్సుల కిటికీ దిక్కు చెయ్యి పెట్టి కూసున్న.
చౌరస్తా దాటేదాక ఉన్నది.