నూటపద్నాలుగో పొద

ఈ కొండ నరికినవాళ్లలో నేనూ ఒకణ్ణి.
పద్నాలుగేళ్లప్పుడు మా నాన్న కత్తి నూరి చేతికిచ్చి
"గడ్డి మొలవాలంటే నీడ చావాలి" అన్నాడు.
నీడ చచ్చింది. ఆవులు మేశాయి.
తర్వాత మాంసం ధర పడిపోయింది.
కంచెకు పాతిన కొయ్యలే ముందుగా చిగురించాయి,
మమ్మల్ని అడక్కుండా.

ఇప్పుడు అదే వాలులో
పూలు లెక్కపెట్టడానికి నాకు జీతం.
సాన్ హోసే నుంచి వచ్చిన నాయురీబే
బ్లేడుతో పసుపు గొట్టాన్ని నిలువునా చీల్చి
"ఇటు చూడు, డాన్ ఎలాదియో" అంటుంది.
కాఫీకి చుట్టమట ఈ పొద.

ఒక పొదలో కీలం పొడుగు,
గొంతు దాటి బయటికి తొంగిచూస్తుంది,
కేసరాలు లోపల నక్కి ఉంటాయి.
పక్క పొదలో సంగతి తలకిందులు:
కేసరాలు గడపలో, కీలం వెనకింట్లో.
దీని పుప్పొడి దానికే, దానిది దీనికే.
హమ్మింగ్‌బర్డ్ ముక్కు కొసన ఒకరి పొడి,
ముక్కు మొదట్లో ఇంకొకరి పొడి.
సొంత రకాన్ని ఎంత తాకినా
కాయ కట్టదు.

నది పక్క, కత్తి చేరని పాత అడవిలో
రెండు రకాలూ చెరిసగం.
ఇక్కడ, మేం వదిలేసిన బీడులో
ఎండకు విరగబూసిన పొదలన్నీ పొడుగు కీలాలే.
ఊరంతా ఆడపెళ్లివారే.
పూలు రాలి నేలంతా పసుపు,
కొమ్మల్లో వెతికితే నాలుగు కాయలు.

కొన్ని పొదలు మరీ విసిగిపోయి
కీలాన్నీ కేసరాల్నీ ఒకే ఎత్తుకు తెచ్చుకున్నాయి,
తమతో తామే కాపురం.
వాటిని తప్పుపట్టను.
అమ్మ పోయాక నాన్న పదకొండేళ్లు
ఒక్కడే వండుకున్నాడు, ఒక్కడే తిన్నాడు.

ఉపగ్రహం ఫొటోలో మా కొండంతా పచ్చనే.
నేనూ అనుకున్నాను, పచ్చబడితే అడవైపోయిందని.

ఇది ఇరవై ఏడో ఏడు.
ఇవాళ పొద్దున, నూటపద్నాలుగో పొద,
కాలిపర్ రెండుసార్లు పెట్టి చూశాను:
కీలం ఏడు మిల్లీమీటర్లు.
పొట్టిది!
నది దాటి ఏ పిట్ట రెట్టలో వచ్చిందో గింజ.
నాయురీబే ఏమీ అనలేదు,
పెన్సిల్ ముక్కు విరిగేలా రాసుకుంది.

రెండో పువ్వు తెంపింది.
మూడోదానికి చెయ్యి చాస్తే పట్టుకుని ఆపాను.
"శాంపిల్‌కి మూడుండాలి."
"రెండని రాసుకో పిల్లా.
తెగినదేదీ కాయదు.
ఆ లెక్క నాకు తెలుసు."