కొసరు

అంకిసలో మే నెల. పొద్దున పదింటికే
కాయితం వేడెక్కింది, పెన్ను ఆగి ఆగి రాస్తోంది.
పద్నాలుగు పేజీల ప్రశ్నావళి.
అడిగేది తెలుగులో, నింపేది మరాఠీలో,
రేపు నాగపూర్‌లో లెక్క కట్టేది ఇంగ్లీషులో.
మూడు రేవులు దాటేసరికి
ఎన్ని జవాబులు నీళ్ళపాలవుతాయో
ఆ శాతం ఏ పట్టికలోనూ లేదు.

దుర్గం బానక్క, నలభై ఏడో ఫారం.
తునికాకు కట్టలు కడుతూనే మాట్లాడుతుంది,
కట్టకు డెబ్బై ఆకులు,
నోరు నాకు, వేళ్ళు లెక్కకు.

"రోజుకు ఎన్ని గంటలు పని, అక్కా?"
"ఏడికెల్లి పట్టాలె?
కోడి కూసినకాడికెల్లా, అడివి దొరికినకాడికెల్లా?"
గడిలో రెండంకెలకే చోటుంది.
పన్నెండని రాసి, కొట్టేసి, మళ్ళీ పన్నెండే రాశాను.

సాయంత్రం కల్లం మీద
ఆమె కట్ట ఒకటి విప్పి లెక్కపెట్టాను:
డెబ్బై మూడు.
ఇంకొకటి. డెబ్బై మూడు.
"తప్పు పడిందా?" అన్నాను, ఎకనామిక్స్ చదివినదాన్ని.
ఆమె నవ్వలేదు.
"కొసరు. లేకుంటె కల్లెదారు కట్టను అవతలికి ఇసిరేస్తడు.
నూరు కట్టలకు మూడు నూర్ల ఆకు. రాస్కో."

సంతలో అయితే కొసరు కొనేవాడు బతిమాలి అడుగుతాడు,
గుప్పెడు మిరపకాయలు, రెండు వంకాయలు, నవ్వుతూ.
ఇక్కడ ఎవరూ అడగరు.
కట్టలో దాక్కుని అదే వెళ్ళిపోతుంది.

నా సమీకరణం చివర ఒక చిన్న అక్షరం ఉంటుంది,
మాకు తెలియనిదంతా అందులోకి ఊడ్చేస్తాం.
దాని సగటు సున్నా అనుకోవాలి.
అనుకోకపోతే డిగ్రీ రాదు.

నాలుగో ఏడు. ఫెలోషిప్ ఆగి అయిదు నెలలు.
ప్రాణహిత ఒడ్డుకు నడిస్తే గాని సిగ్నల్ నిలవదు.
మేడం అంటోంది: ఆ నలభై ఏడు తీసెయ్, మిగతావాటితో కలవట్లేదు.
అన్నట్టు ఇంకో అధ్యాయం కలుపు, చిన్నదే.
ఇసుకలో నిలబడి
"సరే మేడం" అని రెండుసార్లు అన్నాను,
మొదటిది వినపడలేదేమోనని.

తిరిగొస్తే బానక్క అడిగింది:
"గిట్ల అడుక్కుంట తిరిగినందుకు
నీకు దినానికెంత ఇస్తరు బిడ్డా?"
చెప్పాను.
ఆమె వేళ్ళు ఆగాయి, ఇవాళ మొదటిసారి.
"మరి నీ కల్లెదారెవరు?"

నలభై ఏడు తీయలేదు.
నాలుగో అధ్యాయంలో, ఇంగ్లీషు మాట దొరక్క,
కొసరు అనే రాశాను, వాలు అక్షరాల్లో.
కింద అర్థం ఇవ్వాల్సిన చోట
ఇప్పటికి పదకొండుసార్లు కొట్టేశాను.