నలభై ఒకటో మెట్టు

వాల్పరైసోలో మెట్లకు కొదవలేదు.
సెగుందో ఇల్లు నూట పన్నెండు మెట్ల పైన.
రెండు స్టెంట్లు వేశాక డాక్టరు తెర తిప్పి చూపించాడు:
"చూడు, నెత్తురు ఏరులా పారుతోంది."
పారుతోంది, నిజమే.
నలభై ఒకటో మెట్టు దగ్గర మాత్రం
కాళ్ళు తనవి కాకుండా పోతాయి.
ఆనాడు ఉల్లిపాయల సంచీతో కూలిన చోటు.
రాత్రుళ్ళు మణికట్టు పట్టుకుని
వడ్డీ లెక్కలా నాడి లెక్కపెడతాడు,
తప్పితే మళ్ళీ ఒకటి నుంచి.

మాత్రల డబ్బాలో ఏడు గళ్ళు.
భయానికి గడి లేదు.

ఇవాళ పక్కింటి ఓర్తెన్సియా
అదే మెట్టు మీద కూర్చుని చిక్కుళ్ళు వలుస్తోంది.
జరిగి చోటిచ్చింది.
"భయమేస్తోందా?"
ఇన్నాళ్ళూ బీపీ అడిగారు, బరువు అడిగారు.
"ఊఁ" అన్నాడు.
గుప్పెడు కాయలు అతని ఒళ్ళో పోసింది.

కింద రేవులో ఏదో ఓడ కూత వేసింది.
ఎన్ని వలిచాడో
లెక్కపెట్టలేదు.