మెడ కాడ

ఇంకా పదకొండు గంటలు, అంటది తెర.
చాయ్ తాగొచ్చేసరికి పద్నాలుగు.
మళ్ల పదకొండు.
సెకనుకు రెండు ఎంబీ.
వెల్దండ లగ్గం, నాలుగు కెమెరాలు, ఒక డ్రోను
అంతా ఈ నల్లడబ్బాలకెళ్లి కారాలె
ఎండకాలం నల్లా లెక్క.

కల్వకుర్తి బస్టాండు ఎనక సందు,
మెట్ల కింద నా మిక్సింగ్ దుకానం.
పొద్దుగూకేలోపు చేతుల పెట్టకుంటే
పెండ్లికొడుకు మేనమామ షట్టర్ ముందల్నే కూసుంటడు.

ముందటి పోర్టుల తీసి ఎనకటి పోర్టుల పెట్టిన.
వైరస్ కావలిదాన్ని కొద్దిసేపు పండబెట్టిన.
కంప్యూటర్ను ఆపి, లేపి, మళ్ల ఆపి
ఫ్యాను దుమ్ము ఊది కండ్లల్ల కొట్టుకున్న.
డిస్క్‌ను చెవి కాడ పెట్టుకొని విన్న.
కిర్రు లేదు, టిక్కు లేదు,
పండుకున్న పిల్లి లెక్క సన్నగ గురగుర.
అయినా నోట్లెకు ఆ మాట రానే వచ్చింది,
అలవాటు పడ్డ మాట:
"డిస్క్ పోయింది."

స్టూలు మీద కుర్మయ్య ఉన్నడు,
మోటర్ వైండింగ్ కుర్మయ్య.
రేషన్ కార్డు జిరాక్సుకని వచ్చి
కరెంటు ముచ్చట్ల పడ్డడు.
గోర్లల్ల వార్నిషు, చెవిసందున టెస్టరు.
"మోటరు తిరుగుతుందా?"
తిరుగుతుంది.
"మరి నీళ్లు రాకుంటే మోటర్నెందుకు తిడ్తవ్?
పైపు జూడు."

పైపు.
నా వేలు తీగ ఎంబడి పోయింది,
మెడ కాడ ఆగింది.
ఆడ నల్లటేపు. నేను సుట్టిందే.
ఎలుక కొరికిందో, కుర్చీ చక్రం ఎక్కిందో,
రోజుకు ఇరవైసార్లు గుచ్చి పీకి గుచ్చి
తల వాల్చేసింది.
వంచితె రెండు. సాపుగ పడ్తె ఇరవై.
వదిలిపెడ్తె సున్న.

దరాజు అడుగున, నీలం నాలికెది,
రబ్బరు బ్యాండు గూడ తీయని కొత్త తీగ.
పెట్టిన.
నూట పది.
పదకొండు గంటలు
పన్నెండు నిమిషాలయినయ్.

కుర్మయ్య నవ్విండు.
జిరాక్స్ పైసలియ్యకుంటనే లేసిపోయిండు.
నాకు నవ్వు రాలే.
ఈ టేపు ఎన్నడు సుట్టిన?
వానకాలం కన్న ముందే.
అంటే మాణెమ్మ వచ్చిన్నాడు గూడ
ఇదే తీగ.

తాండ్ర అంగన్‌వాడి మాణెమ్మ.
కొంగుల చుట్టుకొచ్చింది డిస్క్‌ను.
"మా తమ్ముడున్నడు బిడ్డా అండ్ల.
బస్సు కండక్టరు.
మా పెద్దపిల్ల అప్పగింతలల్ల అందరు ఏడుస్తుంటే
భుజాన సంచి ఏస్కొని వచ్చి
'అత్తగారిల్లు ఒకటి!
రిటర్న్ గూడ కొట్టిన, పారేస్కోకు' అన్నడు.
పోయినేడు పోయిండు."

ఒకసారి కనపడింది, ఒకసారి మాయమైంది.
ఐదు నిమిషాలు చూసిన. అంతే.
"సచ్చిపోయిందమ్మా" అన్న.
కొత్తది నాలుగు వేల రెండొందలకు అమ్మిన.
అండ్ల ఏం నింపుకుంటదో అడగలే.

కత్తెరతోని పాత తీగను మెడ కాడ కోసిన.
లోపల వెంట్రుకలంత రాగి,
పోగులు పోగులు తెగి
ఏదో ఒకటి రెండు పట్టుకొని ఉండె.

ఫోన్ చేసిన. మూడోసారికి ఎత్తింది.
ఎనక పిల్లలు, పళ్లాల సప్పుడు.
"పాతదా? ఉన్నది.
పిల్లల్ని తూచే కాంటా ఒక దిక్కు ఒరుగుతది,
దాని కింద పెట్టిన, మంచిగ కుదిరింది.
ఏం బిడ్డా, పడెయ్యాల్నా?"

ఒద్దు ఒద్దు, అన్న.
దినాం ఎంతమంది పిల్లలు ఎక్కి దిగుతరని అడిగిన.
ఇరవైమూడు, అన్నది.
తప్పు దానిది కాదమ్మా, నాదే, అనాలె.
అది గూడ మెడ కాడ్నే ఆగింది.
"ఒకసారి తెస్తవా, చూద్దాం" అని మాత్రం వచ్చింది.
లేస్తదో లేవదో, అది చెప్పలే.

"ఆదివారం తెస్త.
కాంటా కింద అప్పటికి పెంక ముక్క పెడ్త తియ్."

ఎనక లగ్గం కాపీ అయిపోయి
తెర ఖాళీగ ఉన్నది.
ఎప్పుడైందో చూడలే.