కోటిపల్లి రేవులో ఎనిమిది సిలిండర్లు

రామచంద్రపురం బస్టాండు వెనక
మా నాన్న సిలార్ మేస్త్రి షెడ్డు.
"సిలారు సిలిండరు విప్పితే
మళ్ళీ బిగించేదాకా అన్నం ముట్టడండి"
అనేవారు లారీ డ్రైవర్లు.
ముట్టేవాడు. గ్రీజు చేత్తోనే,
మా అమ్మ తిట్లు నంజుకుంటూ.

రైసుమిల్లు బుల్లెబ్బాయి గారు
మద్రాసు హార్బర్లో వేలం పాడి తెచ్చిన కారు,
అరవై అయిదు మోడల్ పాంటియాక్.
పొట్టాకు పచ్చ రంగు. స్టీరింగు ఎడమ పక్క.
ఊరి నోట్లో మొదటిరోజే
అది "పంటు కారు" అయిపోయింది.

మూడు కార్బురేటర్లు.
చివరి ప్లగ్గు దగ్గరికి పెద్దవాళ్ళ చెయ్యి దూరదు,
తొమ్మిదేళ్ళ నా చెయ్యి దూరేది.
"మస్తాన్‌బీ, ఇలా రా" అంటే
ఆ వేడి గుహలో మోచేతిదాకా నేను.
మచ్చ ఇప్పటికీ ఉంది, చింతగింజంత.

నాన్న దగ్గర రంగు వెలిసిన కార్ల పుస్తకం ఒకటి.
ఇంగ్లీషు రాదు, బొమ్మలే చదివేవాడు.
మిగతాది కాకినాడలో ఎవరో ఓడ ఫిట్టరు చెప్పాడట:
చిన్న బండిలో పెద్దింజను పెట్టకూడదని
వాళ్ళ కంపెనీలో కట్టడి ఉండేదట.
ఎవరో మొండి ఇంజనీర్లు
"ఇది కొత్త బండి కాదండీ, పైసామానండీ" అని
కాగితాల్లో దాచి అమ్మేశారట.
"దొంగనారు చూడు, ఎంత ఏపుగా లేచిందో!"
ఆ తర్వాత కంపెనీలన్నిటికీ పూనకం.
పరిగెత్తే గుర్రాన్ని ముక్కుకి తగిలించుకుందొకటి,
వెనకాల రెక్క మొలిపించుకుందొకటి.
కండల బండ్లంటారట వాటిని.
కుర్రాళ్ళు ఎర్రదీపం దగ్గర ఆగి
పక్కవాడి కళ్ళలోకి చూసి,
పచ్చదీపం పడగానే పావుమైలు పందెం.

మాకేదీ పావుమైలు?
ద్రాక్షారామం రోడ్డు
కాలవ చెప్పినట్టల్లా తిరుగుతుంది.
ముందు చెరకుబండి. దాని ముందు గేదెలు.
కుడివైపు కూర్చుని తల బయటపెట్టి
"ఆగు నాన్నా", "పోవచ్చు నాన్నా",
ఆ కారుకి రెండో కన్ను నేనే.
ఒక్కసారి, వెల్ల దాటాక,
మనిషి లేడు, మేక లేదు.
నాన్న నా వైపు చూశాడు. తొక్కాడు.
సీటు నన్ను వెనక్కి లాక్కుంది,
పది సెకన్లో, పన్నెండో.
తారు మీద ఎవరో ధాన్యం ఆరబోశారు.
బ్రేకు.
"మూడొందల గుర్రాలమ్మా,
వడ్లగింజ ముందు ఆగాల్సిందే" అన్నాడు.
దిగి, చీపురు అడిగి తెచ్చి,
చక్రం చెదరగొట్టిన మేరంతా మళ్ళీ కుప్ప చేశాడు.

డెబ్బై మూడులో ఎక్కడో ఎడారిలో కుళాయి కట్టేశారు.
అక్కడివాళ్ళు గుర్రాల్ని కొట్టాంలో కట్టేశారు.
ఇక్కడ బుల్లెబ్బాయి గారు పెట్రోలు బిల్లు చూసి,
కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశారు.
కారు మిల్లు వెనక ఊకలో కూరుకుపోయింది.
డిక్కీలో కోళ్ళు పొదిగాయి.

ఇంజను మాత్రం బాకీ కింద మా షెడ్డుకొచ్చింది.
"మేస్త్రీ, నా పంటుకి పనికొస్తదేటి?"
సరంగు లోవరాజు అడిగాడు.
రెండు కార్బురేటర్లు పీకేసి, కిరసనాయిలు మప్పి,
కోటిపల్లి రేవులో దింపాడు నాన్న.
పాంటియాక్‌లో పంటు
ముందునుంచీ దాక్కునే ఉందేమో.
సైకిళ్ళు, అరటిగెలలు, పెళ్ళివాళ్ళు.
నిద్రపోతున్నట్టు నడిచేది.

ఎనభై ఆరు. గౌతమి గట్టు మీదుగా ఊళ్ళోకి చూసింది.
అవతల లంకలో జనం ఇళ్ళ కప్పుల మీద.
డీజిలు పడవలు ఏటి నడుమదాకా పోయి
వెనక్కి జారిపోతున్నాయి.
ఆ రాత్రి నాన్న గుడ్డమూట విప్పాడు.
పీకేసిన రెండు కార్బురేటర్లు,
ఇన్నేళ్ళూ నూనె రాసి దాచినవి.
చివరి ప్లగ్గు మార్చాలి.
నా చెయ్యి దూరలేదు, గాజులు అడ్డం.
నా కూతురు జరీనా చెయ్యి దూరింది.

అప్పుడు అరిచింది.
వెల్ల దాటాక విన్న గొంతే.
ఈసారి దారిలో వడ్లు లేవు,
ఉన్నవన్నీ నీళ్ళ కిందే.
లాంతరు పట్టుకుని కుడి కొసన కూర్చుని
తెల్లారేదాకా ఒకటే మాట:
"పోవచ్చు నాన్నా."

ఎంతమందిని దాటించామో ఎవరూ రాయలేదు.
పెట్రోలు నాలుగు డ్రమ్ములు,
బుల్లెబ్బాయి గారి ఖాతాలో.
ఆ బిల్లుకి ఆయన కళ్ళజోడు తీయలేదు.